పసుపు రాసిన ఫ్లాపీ

8 ఫిబ్రవరి 1999, సోమవారం. సూర్యాపేట.

హెడ్డాఫీసు నుంచి కొరియర్ వచ్చింది. ఫ్రాంచైజీ సెంటర్లన్నీ పాటించి తీరాల్సిన సెక్యూరిటీ రూల్స్ అట. బయటి ఫ్లాపీ ఏదీ లోపలికి రాకూడదు. తప్పనిసరైతే సెంటర్ హెడ్ తన చేత్తోనే, విడిగా ఉంచిన చెకింగ్ మెషీన్‌లో పెట్టి పరీక్షించాలి. ఆ మెషీన్ పాస్‌వర్డ్ ఇంకెవరికీ చెప్పకూడదు. ప్రతి స్టూడెంటుకీ సొంత లాగిన్, సొంత పాస్‌వర్డ్ ఉండాలి. అసలు విషయం చివర్న లావు అక్షరాల్లో ఉంది. తప్పు స్టూడెంటుదైతే ఆ స్టూడెంటు డిబార్. తప్పు సెంటర్‌దైతే అగ్రిమెంటు రద్దు, ఆ బ్యాచ్ మొత్తానికీ రిజల్ట్ ఇవ్వరు.

సెంటర్ హెడ్ అంటే నేనే. బోర్డు మీద మాత్రం ఇంకా మా ఆయన జగదీశ్ పేరే ఉంది. ఫ్రాంచైజీ తెచ్చింది ఆయన. మూడేళ్ల కిందట హైవే మీద లారీ ఆయన స్కూటర్‌ని గుద్దాక కంపెనీ వాళ్లు ఉత్తరం రాశారు. పై పేరాలో సంతాపం, కింది పేరాలో సెంటర్ నడుపుతారా వదిలేస్తారా అని. నడుపుతానన్నాను. బతకాలి కదా.

రూల్స్ కాగితం గోడకు అంటించాను. కింద వెంకటనర్సయ్య గారి ఎరువుల దుకాణం. వారం తిరిగేసరికి ఆ కాగితం కూడా యూరియా వాసన కొడుతుంది.

11 ఫిబ్రవరి

పిల్లలందరి చేతా పాస్‌వర్డ్‌లు పెట్టించాను. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే పక్కవాడికి అరిచి చెప్పాడు. ఒకడైతే మరిచిపోతానని మానిటర్ మీద చాక్‌పీసుతో రాసుకున్నాడు. అరగంట సేపు నేనిచ్చిన లెక్చర్ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

తారా ఒక్కతే చున్నీ కీబోర్డు మీద కప్పి, కింద చేతులు పెట్టి టైప్ చేసింది. నేను వెనక నిలబడితే ఆగిపోయింది. మేడం మీరు గూడ సూడొద్దని రాసిండ్రు గద అని గోడ వైపు చూపించింది. నవ్వుకుని పక్కకు వచ్చేశాను.

అనంతగిరి దగ్గర తండా ఆమెది. తెల్లారకముందే లేచి కోదాడ, అక్కడ బస్సు మారి సూర్యాపేట. కోదాడలోనే నేర్చుకోవచ్చు కదా అంటే, ఆ సర్టిఫికెట్లు మిల్లుల నడవయి మేడం అంది. వాళ్ల నాయన హన్మా మిర్యాలగూడలో రైసు మిల్లు హమాలీ. ఈ కంపెనీ సర్టిఫికెట్ తెస్తే ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెడతానని మిల్లు సేటు మాటిచ్చాడట. జూన్ దాకా చూస్తానన్నాడట. తను బస్తాలు మోసే చోట బిడ్డ కుర్చీలో కూర్చుంటుందని ఆయన ఆశ. తారా ఇది చెప్పేటప్పుడు ముఖం చూడాలి.

18 మార్చి

ఉగాది. సెంటర్ మూశాను. పండుగ పూట నేను ఎవరింటికీ వెళ్లను. ఎవరూ రమ్మనరు కూడా.

30 మార్చి

రాత పరీక్ష అయిపోయింది. ఇక ప్రాజెక్టులు పంపితే మా పని ఖతం. జూన్‌లో సర్టిఫికెట్లు. తారా మిల్లు లెక్కల మీద ప్రాజెక్టు చేసింది. ఎన్ని బస్తాల వడ్లు వచ్చాయి, ఎన్ని బియ్యమయ్యాయి, నూక ఎంత, తవుడు ఎంత. తవుడు లెక్క తప్పుతున్నదని రెండు రోజులు ఏడుపు ముఖం పెట్టుకుని, చివరికి తనే సరిచేసుకుంది. ఇంత బాగా చేసిన పిల్ల ఈ సెంటర్‌లో ఇంతకుముందు లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సింది.

5 ఏప్రిల్, సోమవారం

మధ్యాహ్నం చంద్రమ్మక్క పైకొచ్చింది. వెంకటనర్సయ్య గారి భార్య, మా బిల్డింగ్ ఓనరమ్మ. వాళ్ల చిన్నమ్మాయి పెళ్లి కుదిరింది. అధిక మాసం రాకముందే చెయ్యాలని తొందర. శుభలేఖ కోదాడలో ప్రెస్సుకిచ్చారు, ఇంతలో ముహూర్తం మారింది. ప్రెస్సువాడికి సీజన్ కదా, తెలుగు అక్షరాల ప్రోగ్రాం కూడా ఇందులోనే ఉందండీ, మీ ఊళ్లోనే మార్పించుకోండీ అని ఫ్లాపీ చేతిలో పెట్టి పంపించాడట.

మొదటి శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తారు. కార్డు ఇంకా అచ్చు కాలేదు కాబట్టి చంద్రమ్మక్క ఫ్లాపీకే రాసేసింది. నాలుగు మూలలా పసుపు, లేబుల్ మీద కుంకుమ బొట్టు. స్టీలు పళ్లెంలో తమలపాకులు, అరటిపళ్లు, మధ్యలో ఫ్లాపీ. నాకు నవ్వొచ్చింది. అంతలోనే పళ్లెం నా వైపు వస్తోందని చూశాను.

వెనక్కి జరిగాను. ఎవరూ జరగమనలేదు. చంద్రమ్మక్క ఏమీ అనుకునే మనిషి కాదు. కానీ రేపు ఆ పిల్ల కాపురంలో ఏ చిన్న కష్టం వచ్చినా, ముందుగా పట్టుకున్న చెయ్యి ఎవరిదని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. మొగుడు పోయినదాని చెయ్యి. ఆ మాట పడే ఓపిక నాకు లేదు. మొదటి మెషీన్ దగ్గర తారా కూర్చుని ఉంది. నువ్వు తీసుకోమన్నాను.

తారా తీసుకుని, చెకింగ్ మెషీన్ల పెడ్తరా మేడం అని అడిగింది. చెకింగ్ మెషీన్‌లో అయితే నేనే పెట్టాలి. నా చేత్తోనే. ఏం కాదు, పెళ్లి ఫ్లాపీయే కదా, నీ దాంట్లోనే పెట్టు అన్నాను. ఒకసారి గోడ మీది కాగితం వైపు, ఒకసారి నా వైపు చూసింది. చున్నీతో పసుపు తుడిచి పెట్టింది. అక్షరాల ప్రోగ్రాం ఎక్కించింది, ముహూర్తం మార్చింది, ప్రింటు తీసింది. కార్డు ముచ్చటగా ఉంది.

చంద్రమ్మక్క తారాకు బొట్టు పెట్టి, నీ చేతి చలువతోని నా బిడ్డ సల్లగుండాలె అంది. నాకు అరటిపండు ఇచ్చింది. బొట్టు పెట్టలేదు. పెట్టదని తెలుసు. అయినా కాసేపు మనసు బాగాలేకపోయింది.

15 ఏప్రిల్

ప్రాజెక్టులు హైదరాబాద్‌కు కొరియర్ చేశాను. మిర్యాలగూడ సెంటర్‌కు నెలనెలా పంపే ప్రాక్టీస్ ఫ్లాపీలు కూడా బస్సుకిచ్చాను. అక్కడి ఓనరు పర్వతాలు ఫోన్ చేసి, అందినయి అక్కా, కొత్త తెలుగు అక్షరాలు గూడ బాగున్నయి అన్నాడు. పిల్లలెవరో ఆ ప్రోగ్రాంని వాటిలోకి కాపీ చేసినట్టున్నారు.

26 ఏప్రిల్, సోమవారం. ఉదయం 10

ఒకటో మెషీన్ లేవడం లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది. ముందు కరెంటు అనుకున్నాను. తర్వాత రెండోది. తర్వాత మూడోది. పిల్లలు ఒక్కో కుర్చీ దగ్గర నిలబడి నా ముఖం చూస్తున్నారు.

అదే రోజు. సాయంత్రం 4

పర్వతాలు ఫోన్. మిర్యాలగూడలోనూ అంతే. ఏం పంపినవక్కా నువ్వు అని అరిచాడు.

సర్వర్ బతికింది. చెకింగ్ మెషీన్ కూడా బాగానే ఉంది. దాంట్లో ఎవరూ ఏదీ పెట్టలేదు కదా.

27 ఏప్రిల్

పేపర్లో వచ్చింది. నెలల తరబడి కంప్యూటర్లలో దాక్కుని నిన్నటి తేదీ కోసం కాచుకున్న వైరస్ అట. చాలా దేశాల్లో ఇదే గోల. మా ఒక్కరికే కాదని కొంచెం ధైర్యం వచ్చింది. అది కూడా మధ్యాహ్నం హెడ్డాఫీసు ఫోన్ వచ్చేదాకానే. వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి ఇంజినీరును పంపుతారట.

29 ఏప్రిల్

హైదరాబాద్ నుంచి ఇంజినీరు వచ్చాడు. సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏం ఎక్కించారో అంతా ఉంటుంది. వెతికి చూపించాడు. ఏప్రిల్ అయిదు, మధ్యాహ్నం, ఒకటో మెషీన్, అక్షరాల ప్రోగ్రాం. వైరస్ దాంట్లోనే వచ్చింది. లాగిన్: తారా.

ఈ లాగిన్ ఎవరిదమ్మా అని మామూలుగా అడిగాడు. ఒక స్టూడెంట్‌ది అన్నాను. రాసుకున్నాడు. అక్కడే మిగతాది కూడా చెప్పాల్సింది. ఆయన అప్పటికే వేరే మెషీన్ విప్పుతున్నాడు.

సాయంత్రం హెడ్డాఫీసు ఫ్యాక్స్. అయిదో తేదీన ఆఫీసరు ఎంక్వైరీకి వస్తాడు. అది తేలేదాకా ఈ బ్యాచ్ రిజల్ట్ ఆపేస్తున్నారు. తప్పు స్టూడెంటుదా, సెంటర్‌దా తేల్చాలి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏంటో ఇవాళ తెలిసింది.

1 మే

పర్వతాలు మిర్యాలగూడ నుంచి వచ్చాడు. కోపం తగ్గింది. టీ తాగాడు. జగదీశ్ అన్న పెట్టిన సెంటర్ అక్కా ఇది, నీ చేతులార మూసుకుంటవా అన్నాడు. మెషీన్ల ఎవరి పేరుంటే ఆళ్ల పేరే చెప్పు, నువ్వు అబద్ధం ఆడేదేముంది, ఒక్క పిల్ల పోతె పోతది, లేకుంటె ఇంతమంది పిల్లలు ఆగమైతరు అన్నాడు. ఆమె తప్పేం లేదన్నాను. ఎవరి తప్పు మాత్రం ఉన్నదక్కా అన్నాడు.

చెడ్డవాడు కాదు. జగదీశ్ పోయినప్పుడు పాడె మోసినవాడు. అతని మాటలు నాకు చెడ్డగా వినపడలేదు. భయమంతా అదే.

2 మే, ఆదివారం

తారా తండాకు వెళ్లొచ్చాను. ముందుగా ఆమెకు చెప్పాలి, ఆఫీసరు అడిగితే బిత్తరపోకూడదు, అందుకే వెళ్తున్నాను అని బస్సులో నాకు నేనే చెప్పుకుంటూ వెళ్లాను.

వాళ్లమ్మ లక్ష్మీబాయి నన్ను చూసి పరుగున వచ్చి మంచం వాల్చింది. బిడ్డతో లంబాడీలో గబగబా ఏదో అంది. నాతో తెలుగులో, మా బిడ్డకు కంప్యూటర్ నేర్పిన మేడమ్మ మా ఇంటికొచ్చింది అని చుట్టుపక్కల వాళ్లందర్నీ పిలిచి చూపించింది. జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. నా కోసమే కోసిందని తెలుస్తూనే ఉంది. తినేటప్పుడు పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతూ, జూన్‌ల కాయితం వస్తది గద మేడమ్మా అని అడిగింది. వస్తది అన్నాను. నీళ్లు తాగాను.

తారా బస్టాప్ దాకా వచ్చింది. దారిలో చెప్పాను. సర్వర్‌లో నీ పేరు మీదే ఉంది తారా అన్నాను. ఆఫీసరు నిన్నే ముందు పిలుస్తాడు అన్నాను. సెంటర్ తప్పంటే బ్యాచ్ మొత్తం పోతుంది, జగదీశ్ సార్ పెట్టిన సెంటర్ పోతుంది అన్నాను. నేను మాత్రం నిజమే రాసిస్తాను అన్నాను. అన్నీ చెప్పాను. ఈ వరసలోనే చెప్పాను.

ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. బస్సు దుమ్ము కనిపించాక, ఎండల పడి వచ్చిండ్రు, జర పైలం మేడం అంది. అంతే.

నేనేమీ అడగలేదు. కానీ అడక్కుండానే అడిగాను. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఎండలో అంత దూరం పోయింది అందుకే.

4 మే

రాశాను. మూడు ముక్కల్లో అయిపోయింది. ఫ్లాపీ తెచ్చింది బిల్డింగ్ ఓనరమ్మ. చెకింగ్ లేకుండా పెట్టమన్నది నేను. తారా నేను చెప్పిన పని చేసింది. సంతకం పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టమన్నానో రాయలేదు. మొగుడు లేనిదాన్ని కాబట్టి పసుపు ముట్టుకోలేదని కంపెనీకి ఎలా రాయను? దానికి వాళ్ల రూల్స్‌లో ఏ నంబరు వేసుకుంటారు?

కాస్త నిమ్మళంగా ఉంది. పోతే పోనీ. రేపు ఇచ్చేస్తాను.

5 మే, బుధవారం. మధ్యాహ్నం

ఆఫీసరు నా గదిలో కూర్చున్నాడు. తారాను లోపలికి పిలిచాడు. నన్ను బయట ఉండమన్నాడు. బ్యాగ్ నా ఒళ్లోనే ఉంది.

అదే రోజు. సాయంత్రం

వెంటనే రాసేయాలి. లేకపోతే రేపటికి దీన్ని ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను. నన్ను నేను ఎరుగుదును.

ఆయన నన్ను పిలిచేసరికి తారా బల్ల పక్కన నిలబడి ఉంది. ముందు ఒక కాగితం. ఇంగ్లీషులో ఆయన రాసింది, కింద ఆమె సంతకం. కోదాడ బస్టాండ్ దగ్గర షాపులో ఫ్లాపీ తీసుకున్నానని, కొత్త అక్షరాలు చూద్దామని మేడంకు తెలియకుండా పెట్టానని ఒప్పుకుంది. ఆయన చదివి వినిపించాడు. తారా నా వైపు చూడలేదు, గోడ మీది రూల్స్ చూస్తూ నిలబడింది.

నాకు ముందుగా కలిగింది సిగ్గు కాదు. హమ్మయ్య అనిపించింది. గుండెల మీంచి రాయి తీసినట్టయింది. సిగ్గు తర్వాత వచ్చింది. ఏది ముందొచ్చిందో, ఏది తర్వాతొచ్చిందో నేను మరిచిపోకూడదు.

ఆఫీసరు ముఖం కూడా తేలికపడింది. సెంటర్ రద్దు చేస్తే ఆయనకూ పని. బ్యాచ్ రిజల్ట్ వదిలేస్తామమ్మా, సెంటర్‌కు ఒక వార్నింగ్ మాత్రం ఉంటుంది, ఇకనుంచి పిల్లల మీద ఓ కన్నేసి ఉంచండి అన్నాడు. నన్ను ఏమీ అడగలేదు. సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

పెన్ను బ్యాగ్‌లోంచి తీశాను. నేను రాసిన కాగితం చేతికి తగిలింది. పెన్ను ఒక్కటే బయటికి వచ్చింది. సంతకం పెట్టాను.

మెట్ల దగ్గర తారాను ఆపాను. ఎందుకు చెప్పావు అన్నాను. మిమ్మల్ని అంటె అందరి సదువు పోతది మేడం, నన్ను అంటె నా ఒక్కదానిదే పోతది అంది. చాలా మామూలుగా అంది. ఆ తర్వాత, మా అమ్మకు మాత్రం ఫెయిలైన అని చెప్పుత, మీరు గట్లనే చెప్పుండ్రి అంది. చున్నీతో ముఖం తుడుచుకుని దిగిపోయింది.

వెనక్కి పిలవొచ్చు. ఆఫీసరు లోపల ఇంకా కాగితాలు సర్దుకుంటూనే ఉన్నాడు. పిలవొచ్చు అనుకుంటూ ఆయన జీపు వెళ్లేదాకా మెట్ల మీదే నిలబడ్డాను.

9 మే

కింద పెళ్లి మేళం. చంద్రమ్మక్క రమ్మని మనిషిని పంపింది. తలనొప్పి అన్నాను. క్యారియర్‌లో భోజనం పంపింది.

20 మే

పొద్దున తారా తండాకు వెళ్లే బస్సెక్కాను. కోదాడలో దిగి, తిరుగు బస్సెక్కాను.

14 జూన్, సోమవారం

సర్టిఫికెట్లు వచ్చాయి. రాత పరీక్షలో ఫస్ట్ మార్కు వచ్చిన పేరును హెడ్డాఫీసు వాళ్లు లిస్టులో కొట్టేశారు. కొట్టేసినా చదవగలుగుతున్నాను.

పిల్లలు స్వీట్లు పంచారు. ఫోటో దిగారు. తారా ఏది మేడం అని ఒకమ్మాయి అడిగింది. ఫెయిలైంది అన్నాను. ఆమె చెప్పమన్న మాటే. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

మధ్యాహ్నం పర్వతాలు ఫోన్ చేశాడు. మిల్లు సేటు అడుగుతున్నాడట, ఆ హమాలీ బిడ్డ ఫెయిలైందంట గద, మీ బ్యాచ్‌ల ఇంకెవరన్న ఉన్నరా అని. ఒక పేరు చెప్పాను. మంచి పిల్లే. బాగానే చేస్తుంది. హన్మా బస్తాలు మోసుకుంటూ ఆ గది ముందు నుంచే పోవాలి రోజూ.

4 మే నాడు రాసిన కాగితం బ్యాగ్‌లోనే ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది.

16 జూన్

రూల్స్ ప్రకారం డిబార్ అయిన స్టూడెంటు లాగిన్ సెంటర్ హెడ్ తన చేత్తో తీసెయ్యాలి. సర్వర్‌లో ఆ పేరు మీదికి వెళ్లి డిలీట్ కొట్టాను. ఆర్ యూ షూర్ అని అడిగింది.

ఇన్ని రోజుల్లో నన్నా మాట అడిగింది ఇదొక్కటే.

యెస్ నొక్కాను.